రాజ్యమేలిన అమ్మమ్మ: కాకతి రుద్రమదేవి

రుద్రమదేవి యనగానే మన కన్నుల యెదుట నొక రూపము నిలుచును. పురుషవేషము ధరించి, గుఱ్ఱము నెక్కి, కత్తి దూసి రణరంగమునకు నడచు వీరనారీ రూపమది. పిల్లల పాఠ్యపుస్తకములలో మనము చూచినది ఆ రూపమునే. నాటకములును చలనచిత్రములును మనకు చూపినది ఆ రూపమునే. అది యసత్యమని చెప్పుట మా యుద్దేశము కాదు. ఇరువదియేడేండ్లు రాజ్యమేలి, బయటి శత్రువులను లోపలి శత్రువులను ఎదుర్కొన్న రాణి కత్తి పట్టలేదని యెవ్వరనగలరు?

అయినను ఆ రూపము చాటున మఱియొక రూపము మఱుగుపడియున్నది. ఆమె ముగ్గురు కుమార్తెల తల్లి. ఆ కుమార్తెలలో నొకతె కన్న బిడ్డను తన బిడ్డగా స్వీకరించి, పెంచి, రాజ్యభార మప్పగించిన అమ్మమ్మ. కాకతీయ సింహాసనమును ఆమె తరువాత మఱి ముప్పదినాలుగేండ్లు నిలిపినది ఆ అమ్మమ్మ చేసిన నిర్ణయమే. కత్తిని కొనియాడిన మనము ఈ నిర్ణయమును తగినంతగా తలచుకొనలేదు. నేడు ఆ తల్లిని, ఆ అమ్మమ్మను ఒక్కమాఱు స్మరించుకొందము.

కథ ఆమె తండ్రితో మొదలగుచున్నది. గణపతిదేవ చక్రవర్తి 1199లో రాజ్యమునకు వచ్చెను. అఱువదేండ్లకు మించిన పాలనలో తెలుగుదేశములోని పెక్కు భాగములను ఒక్క గొడుగు క్రిందికి తెచ్చెను. మోటుపల్లి రేవునకు వచ్చు విదేశ వర్తకులకు 1244-45లో అభయశాసన మిచ్చి వారి సరకులకు రక్షణ కల్పించెను. అంతటి చక్రవర్తికి పుత్రసంతానము లేదు. ఇద్దరు కుమార్తెలు మాత్రము కలిగిరి. వారు రుద్రమాంబ, గణపాంబ.

గణపాంబ ధరణికోట నేలిన కోట బేతరాజు నిల్లాలయ్యెను. భర్త గతించిన పిమ్మట ఆయన పేర ధాన్యకటకమున బేతేశ్వరాలయమును, తండ్రి పేర యనమదలలో గణపేశ్వరాలయమును ఆమె నిర్మింపించెను. ఆ కాలమున రాజకుటుంబములలోని స్త్రీ తన ప్రేమను రాతిపై వ్రాయించుకొనుటకు అనువైన మార్గమది. అక్కయైన రుద్రమాంబకు మాత్రము తండ్రి వేఱొక మార్గమును నిర్ణయించెను.

పుత్రులు లేనివాడు కుమార్తెనే పుత్రునిగా నెంచవచ్చుననియు, ఆమె కన్న బిడ్డ వంశము నిలుపుననియు మన ధర్మశాస్త్రములలో నొక విధానము కలదు. దానినే పుత్రికాధర్మ మనిరి. గణపతిదేవుడు రుద్రమాంబకు రుద్రదేవుడను పురుషనామ మిచ్చి, తాను జీవించియుండగనే రాజ్యపాలనలో చేర్చుకొనెను. నాటి శాసనములు పెక్కింటిలో ఆమె ‘రుద్రదేవ మహారాజు’. ఆ పేరు మాత్రమే చదివినవారికి అది యొక స్త్రీ పేరని తోచదు. ఆమె తల్లియైన సంగతి అంతకంటెను తోచదు. రాజు కావలెనన్న ఆనాడు పురుషుడు కావలెను. కనుక ఆమె పేరు మాఱినది. అయితే వంశము నిలుపుటకు తల్లి కావలెను. ఆ పనిని మహారాజు బిరుదము చేయజాలదు. ఈ రెండు భారములను ఒకే వ్యక్తి మోయవలసి వచ్చినది. పురుషుడైన రాజునకు ఈ చిక్కు లేదు.

రుద్రమాంబ నిడదవోలు నేలిన చాళుక్యవంశమునకు చెందిన వీరభద్రుని చేపట్టెను. ఆ దంపతులకు ముమ్మడమ్మ, రుయ్యమ్మ, రుద్రమ అను ముగ్గురు కుమార్తెలు కలిగిరి. తండ్రికి కలిగిన పరిస్థితియే కుమార్తెకును కలిగినది. పుత్రులు లేని రాజునకు వారసురాలై నిలిచిన యామెకు కూడ పుత్రులు కలుగలేదు.

సామాన్య గృహమున నైనను ముగ్గురాడపిల్లల పెండ్లిండ్లు తల్లికి నిద్ర లేకుండ చేయు విషయము. రాజగృహమున నొక్కొక్క పెండ్లి ఒక్కొక్క రాజకార్యము. ముమ్మడమ్మ కాకతి మహాదేవుని భార్య యయ్యెను. రుయ్యమ్మ, కాకతీయ రాజ్యమున మంత్రులుగను సేనానాయకులుగను పేరొందిన ఇందులూరివారి యింటికి కోడలై, గన్నయ మంత్రి కుమారుడైన అన్నయదేవుని చేపట్టెను. మూడవ కుమార్తె యాదవ వంశీయుడైన ఎల్లణదేవుని భార్య యయ్యెను. వీరిలో నొకరు రాజబంధువు, ఒకరు మంత్రిపుత్రుడు, ఒకరు అన్యరాజవంశమువాడు. ఈ మూడు సంబంధములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో తల్లి మనస్సును రాజు బుద్ధియు కలిసి పనిచేసిన తీరు మనకు తెలియకపోదు. వీనిలో ఇందులూరివారి సంబంధము ఆ తల్లి కన్నుమూసిన తరువాత ఎట్లు పనికి వచ్చినదో ముందు చెప్పెదము.

ఆమె హృదయము తెలిసికొనుటకు మనకు మఱియొక రాతి సాక్ష్యము కలదు. అది గుంటూరు మండలమున కృష్ణాతీరమునకు దగ్గఱనున్న మల్కాపురములోని స్తంభశాసనము. దాని కాలము 1261. గణపతిదేవునకు శైవదీక్ష నొసగిన గురువు విశ్వేశ్వర శివాచార్యులు. ఆ గురువునకు గణపతిదేవుడు మందడము గ్రామమును దానము చేయ సంకల్పించెను. రుద్రమదేవి ఆ దానమును సాగించి వెలగపూడి గ్రామమును దానికి చేర్చెను. విశ్వేశ్వర శివాచార్యులు అచ్చట దేవాలయమును, శైవమఠమును, విద్యాలయమును, అన్నసత్రమును నెలకొల్పి, గ్రామముల ఆదాయమును ఎట్లు పంచవలయునో శాసనమున వివరముగా వ్రాయించెను. వేదములు చెప్పుటకు ముగ్గురు, వ్యాకరణ తర్క సాహిత్యాది శాస్త్రములు చెప్పుటకు ఐదుగురు అధ్యాపకులు. ఒక వైద్యుడు. లెక్కలు వ్రాయుట కొక కాయస్థుడు. ఆదాయములోని మూడవ భాగము కేటాయింపబడినది దేనికి? ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, విప్రసత్రమునకు.

ప్రసూతిశాల యను మాటవద్ద మనము కొంచెము నిలువవలెను. ఏడువందల అఱువదేండ్ల క్రిందటి మాట యది. పురిటినొప్పులు స్త్రీకి పునర్జన్మ యని మన యిండ్లలో పెద్దలు చెప్పుదురు. ఆ యాపదలో నున్న స్త్రీకి నీడయు వైద్యమును కల్పించుటకు గ్రామాదాయమున భాగము నిర్ణయింపబడుట చిన్న విషయము కాదు. ఏర్పాటు గురువుది, భూమి తండ్రిదియు కుమార్తెదియు. తానును ముగ్గురు బిడ్డలను కన్న స్త్రీ దానమిచ్చిన గ్రామము పురిటాలి సంరక్షణకు వినియోగపడినదను విషయము మనకు చాలును. ఆ మందడము, ఆ వెలగపూడి నేటికిని అవే పేళ్ళతో నున్నవి. 2016 నుండి ఆంధ్రప్రదేశ్ సచివాలయము వెలగపూడిలోనే పనిచేయుచున్నది. అచ్చటికి పనులపై వచ్చిపోవువారిలో ఎందఱు ఆ గ్రామమును ఒకనాడొక తల్లి దానమిచ్చినదని యెఱుగుదురు?

1262 నుండి రాజ్యభార మంతయు ఆమెపై పడెను. అప్పటి స్థితి ఏమంత నెమ్మదిగా లేదు. దక్షిణమున నెల్లూరు ప్రాంతములోని ముత్తుకూరు వద్ద పాండ్యులచేతిలో కాకతీయ సేనలు ఓడినవి. ఆడుది గద్దె నెక్కుటను సహింపని దాయాదులు తిరుగబడిరని తరువాతి కాలపు ప్రతాపచరిత్రము చెప్పుచున్నది. రేచెర్ల ప్రసాదిత్యుడు మున్నగు విశ్వాసపాత్రులు ఆమె పక్షమున నిలిచిరి. పశ్చిమమున దేవగిరి యాదవరాజు మహాదేవుడు దండెత్తి వచ్చెను. అతని కొలువులోని హేమాద్రి, స్త్రీ యగుటచే రుద్రమను తన ప్రభువు విడిచిపెట్టెనని వ్రాసికొనెను. తెలుగువారి కథ దానికి విరుద్ధముగా, ఆమెయే యాదవులను తఱిమెనని చెప్పును. ఈ రెండు మాటలలో ఏది నిజమో తేల్చుటకు బీదరు కోటలోని శిలాశాసనము కొంత తోడ్పడుచున్నది. యాదవుల సీమలోని ఆ కోటలో రుద్రమదేవి బిరుదములతో కాకతీయ సామంతుని శాసన ముండుట, దయదలచి విడువబడిన రాణి లక్షణము కాదు గదా!

ఓరుగల్లు కోటను కూడ ఆమె బలపఱచెను. తండ్రి మొదలిడిన రాతిప్రాకారపు పనిని ముగించి, దాని ఎత్తు పెంచి, వెలుపల మట్టికోటను కందకమును చేర్చెను. ఇల్లు కట్టిన తండ్రి వెనుక దాని గోడ లెత్తించి బిడ్డలకు భద్రము చేసిన కూతురి పని యది.

ఇంతలో భర్త వీరభద్రుడు గతించెను. ఆమె వైధవ్యమును గూర్చి వ్రాసినవాడు తెలుగువాడు కాదు. వెనీసు నగరపు వర్తకుడు మార్కోపోలో. చైనా నుండి స్వదేశమునకు మరలుచు 1292-93 ప్రాంతమున అతడు మన తీరమును గూర్చి వినినవి కన్నవి వ్రాసెను. మోటుపల్లిని అతడు ముత్ఫిలి యనెను. అచ్చటి వజ్రములను, సాలెపురుగు దారమువలె సన్నని నూలుబట్టలను మెచ్చుకొనెను. ఆ రాజ్యమును ఒక రాణి యేలుచున్నదనియు, భర్తపై గల ప్రేమచే మఱల వివాహ మాడలేదనియు, నలువదేండ్లుగా భర్తవలెనే, అంతకు మించియు చక్కగా రాజ్య మేలినదనియు, న్యాయమును శాంతియు ఆమెకు ప్రియములనియు, మునుపటి రాజులెవ్వరును పొందనంత ప్రజాప్రేమ ఆమె పొందినదనియు తెలిపెను.

ఈ వ్రాతలో పొరపాటులు కలవు. ఆమె ఏలినది భర్త రాజ్యము కాదు, తండ్రి రాజ్యము. నలువదేండ్ల లెక్కయు సరిపడదు. అన్నిటికంటె వింతయైన విషయము, అతడు వచ్చునప్పటికి ఆమె జీవించి లేదు. రేవులోని వర్తకులు చెప్పుకొను మాటలనే అతడు వ్రాసియుండును. కాని ఆలోచించి చూడుడు: మరణించి మూడు నాలుగేండ్లయినను రేవులోని జనులు ఆమెను బ్రదికియున్నదానివలె చెప్పుకొనుచుండిరి. చెప్పుకొన్నదియు ఆమె యుద్ధములను గూర్చి కాదు. న్యాయమును గూర్చి, శాంతిని గూర్చి.

ఇక మనుమని సంగతి. ముమ్మడమ్మకును మహాదేవునకును జన్మించినవాడే ప్రతాపరుద్రుడు. రుద్రమదేవి అతనిని తన కుమారునిగా స్వీకరించి యువరాజును చేసెను. విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయ మను అలంకారశాస్త్రగ్రంథము ఈ రాజు పేరనే వెలసినది. అందు నాటకలక్షణములకు ఉదాహరణముగా చేర్చిన ఐదంకముల నాటకమునకు ప్రతాపరుద్రుని పట్టాభిషేకమే యితివృత్తము.

ఈ స్వీకారమును రాజనీతి యని ఒక్క మాటలో చెప్పి ముగింపవచ్చును. కాని ఇంటిలోపలికి తొంగిచూచినచో మఱియొక సంగతి కనబడును. రుద్రమ ముమ్మడమ్మకు తల్లి. ప్రతాపరుద్రుడు ముమ్మడమ్మ కన్న కొడుకు. స్వీకారము జరిగిన దినము నుండి ధర్మమునుబట్టి అతడు తన తల్లికే తమ్ముడయ్యెను! కన్న బిడ్డను అమ్మ చేతిలో పెట్టి, రాజ్యము కొఱకు ఆ బిడ్డపై హక్కు వదలుకొన్న ముమ్మడమ్మ త్యాగమును ఏ శాసనమును విప్పి చెప్పలేదు. దానిని అడుగుటకు రుద్రమ కెంత ధైర్యము కావలసియుండెనో కూడ ఏ శాసనమును చెప్పలేదు. తండ్రి తనను కొడుకును చేసినప్పుడు పేరు మార్చుకొన్నది తానే; ఇప్పుడు బిడ్డ నడుగవలసినది తన బిడ్డనే. మగబిడ్డలు లేరని చింతించుచు ఏ దాయాదికో రాజ్యము విడువక, కూతురి కడుపున పుట్టినవానిని గద్దెపై నిలుపుట, తండ్రి తనయందుంచిన నమ్మకమును తాను తన కూతురియం దుంచుటయే. రెండు తరములు కాకతీయ వంశము ఆడుబిడ్డల మీదుగా సాగినది. ఈ సంగతి మన దేశచరిత్రలో అరుదు.

మనుమనికి చిక్కులు లేని రాజ్య మీయవలెనని ఏ అమ్మమ్మకు నుండదు? కాని రుద్రమ చివరి దినములు ప్రశాంతముగా గడువలేదు. కాయస్థ వంశపు నాయకులను పైకి తెచ్చినవాడు గణపతిదేవుడే. గంగయసాహిణి ఆయన కొలువున ఉన్నతస్థితి నందెను. అతని తరువాత జన్నిగదేవుడు, త్రిపురారి విశ్వాసముతో మెలగిరి. త్రిపురారి తమ్ముడైన అంబదేవుడు మాత్రము స్వతంత్రుడు కాదలచి తిరుగబడెను. తండ్రి చేరదీసిన యింటివాడే ఎదురు తిరుగుట ఆ వృద్ధురాలి కెంత క్లేశము కలిగించియుండునో మన మూహింపవచ్చును.

చాలకాలము చరిత్రగ్రంథములు రుద్రమదేవి 1295 వఱకు పాలించెనని వ్రాయుచు వచ్చినవి. ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున నల్లగొండ సీమలో, నకిరేకల్లు దగ్గఱనున్న చందుపట్ల గ్రామమున నొక శాసనము వెలువడి ఆ లెక్కను సరిదిద్దినది. శాసనకాలము శకవర్షము 1211 విరోధి సంవత్సర మార్గశిరము. అనగా 1289 నవంబరు 27. కాకతి రుద్రమదేవియు, సేనానియైన మల్లికార్జున నాయకుడును శివలోకము చేరిరనియు, వారికి పుణ్యముగా మల్లికార్జున నాయకుని బంటు పువ్వుల ముమ్మడి అను నతడు సోమనాథదేవునకు భూమి నిచ్చెననియు ఆ శాసనము తెలుపుచున్నది.

రాణియు సేనానియు ఒకే మాఱు కైలాసము చేరుటను, మరుసటి యేడు త్రిపురాంతకమున అంబదేవుడు వేయించిన శాసనములో మల్లికార్జునుని సప్తాంగములను హరించితినని చెప్పుకొనుటను కలిపి చూచి, ఆ యిద్దఱును అంబదేవునితో జరిగిన పోరాటముననే అసువులు బాసిరని శాసన పరిశోధకులు భావించిరి. మనుమలను ఒడిలో కూర్చుండబెట్టుకొని కథలు చెప్పవలసిన వయస్సున ఆమె దండుతో నడచినది.

ఆ దానము చేసినవాడు సామంతుడు కాడు, మంత్రి కాడు. ఒక సేనాని క్రింద పనిచేసిన బంటు. రాజుల ప్రశస్తి వ్రాసిన కవులకు ఊళ్ళును వస్త్రములును దొరకియుండును. మరణించిన రాణికి పుణ్యము కోరిన ఈ బంటునకు దొరకునది యేమున్నది? తన చేనిలో కొంత పోవుట తప్ప! బ్రదికియున్నన్నాళ్ళు పెక్కు రాళ్ళమీద రుద్రదేవ మహారాజైన యామె, ఈ బంటు వేయించిన రాతిమీద రుద్రమదేవి. మోటుపల్లి వర్తకుడు విన్న ప్రజాప్రేమ ఎట్టిదో తెలిసికొనుటకు ఈ చిన్న శాసనమే చాలును.

ఇక ఆమె నాటిన మొక్కల సంగతి. ప్రతాపరుద్రుడు గద్దె నెక్కినవెంటనే సేనలను సమకూర్చెను. 1291లో త్రిపురాంతకముపై నడచిన కాకతీయ సేనానులలో ఇందులూరి అన్నయదేవు డొకడు. అతడెవరో మన కిదివఱకే తెలియును. రుయ్యమ్మ భర్త, రుద్రమదేవి అల్లుడు. పెద్దకూతురి కొడుకు రాజుగా, రెండవ కూతురి మగడు సేనానిగా ఆ తల్లికి జరిగిన అపకారమును తీర్చుటకు నడచిరి. త్రిపురాంతకము మఱల కాకతీయుల పాలనలోనికి వచ్చినది. పెండ్లిండ్లు చేసిననాటి తల్లి ఆలోచన ఇట్లు ఫలించినది.

ప్రతాపరుద్రుడు 1289 నుండి 1323 వఱకు పాలించెను. ఢిల్లీ సేనలు మాటిమాటికి వచ్చి ఓరుగంటిని ముట్టడించినవి. అమ్మమ్మ ఎత్తించిన కోటగోడలు ఆ ముట్టడులను చాలకాలము నిలువరించినవి. తుదకు 1323లో కోట లొంగినది. బందీయై ఢిల్లీకి కొనిపోబడుచు ప్రతాపరుద్రుడు నర్మదాతీరమున తనువు చాలించెనని ముసునూరి ప్రోలయనాయకుని విలస శాసనము తెలుపుచున్నది. శత్రువు కొలువులో చేయి చాచి బ్రదుకుట ఆ అమ్మమ్మ పెంపకములో లేని విద్య కాబోలు!

రాజ్యములు పుట్టును, గిట్టును. ఓరుగల్లు కోటలో నేడు శిథిలతోరణములు మిగిలియున్నవి. రుద్రమదేవి కత్తిని మన మెవ్వరము చూడలేదు. కాని ఆమె చేసిన వేఱొక పనిని మనమందఱము మన యిండ్లలోనే చూచుచున్నాము. తల్లి యొకచోట నుండి, తండ్రి యొకచోట నుండి, పిల్లవానిని అమ్మమ్మయే పెంచి, చదివించి, తన కాళ్ళపై నిలిపిన కుటుంబము లెన్ని లేవు? ఆ అమ్మమ్మల పేర్లు ఏ రాతిమీదను ఉండవు. ఇంటిపేరు వేఱైనంతమాత్రమున కూతురి బిడ్డలను పరాయివారని తలంపనివారే వారందఱును.

రుద్రమదేవి ఆ అమ్మమ్మలలో నొకతె. భేద మొక్కటియే: ఆమె యింటితోపాటు రాజ్యమును కూడ మనుమని చేతిలో పెట్టినది. పిల్లలకు ఆమె కథ చెప్పునప్పుడు గుఱ్ఱమును కత్తిని చెప్పుదము, వారికవి ఇష్టము. వానితోపాటు మల్కాపురపు ప్రసూతిశాలను, ముమ్మడమ్మ బిడ్డను, చందుపట్ల బంటును కూడ చెప్పుదము. వీనిని చెప్పినగాని కథ పూర్తి కాదు. మన యింట అమ్మమ్మ ఉన్నచో ఆమె ప్రక్కన కూర్చుండియే చెప్పుదము.